మూతి విరిగిన బసవన్న

ఖిలా వరంగల్‌లో గైడ్‌గా తిరిగీ తిరిగీ రాజమౌళి మోకాళ్లు అరిగిపోయాయి. ఆ మధ్యాహ్నానికి గొంతు కూడా ఎండిపోయింది. చివరగా వచ్చిన ఢిల్లీ టీచరమ్మ, మూతి విరిగిన నంది దగ్గర ఆగింది. దాని నెత్తిన రోజూలాగే బంతిపువ్వు ఉంది. అక్కడ ఊడ్చే పూలమ్మ పెట్టేదది.

“ఇది ఇంటాక్ట్‌గా లేదు కదా, పూజెందుకు?” అని టీచరమ్మ ఇంగ్లిషులో అడిగింది.

పూలమ్మ చీపురుతోనే దగ్గరికొచ్చింది. “ఏమంటాంది అన్నా? మా కోడలు లెక్కనేనా? విరిగిన బసవన్నకు మొక్కితే ఇంటికి అరిష్టమని అది రోజూ కొట్లాడతాంది. రేపటిసంది మానెయ్యాల్నా, నువ్వే జెప్పు.”

టీచరమ్మకు జవాబు చెప్పడానికి రాజమౌళి ఇంగ్లిషు మాట కోసం వెతికాడు. ఇంటాక్ట్ కాదు, ఎవరో చెయ్యి చేసుకున్న గుర్తు ముఖానే ఉంది. అన్‌డ్యామేజ్డ్ అసలే కాదు. కంప్లీట్ అందామంటే మూతి లేదు. నోటికొచ్చింది అనేసి ఇంటికి పోవచ్చు. కానీ పూలమ్మ కళ్లు తన మీదే ఉన్నాయి.

“ఆమెకు ఇది హోల్, మేడమ్” అన్నాడు, నిండుగా ఉన్నదనే అర్థంలో.

టీచరమ్మ చెప్పులు విడిచి నందికి దండం పెట్టింది.

“ఏం జెప్పినవ్ అన్నా?”

“దెబ్బలు తగిలినయ్ గానీ బసవన్న ఏం తక్కువ గాలేదని చెప్పిన.”

“గంత చిన్న మాటల గింత ఉన్నదా!” అని పూలమ్మ నవ్వింది. “జర కూసో. నువ్వు గూడ విరిగినట్టే ఉన్నవ్.”

ఫ్లాస్కులోని చాయ అతని చేతికిచ్చింది. రేపటి పువ్వు సంగతి మళ్లీ అడగలేదు.