మినపరొట్టెతో ఉపవాసం

పులుసులో చేపముళ్ళు కనబడటం లేదని మా నాయనమ్మ కంచం పక్కకి నెట్టేసింది. "ఇంక ఈ జన్మకి చాల్లే" అని గోడవైపు తిరిగి కూర్చుంది. "గోడ బాగుందా?" అని అడిగేను. "మసగ్గా ఉంది" అంది. దాంతో అమలాపురం కళ్ళ డాక్టరుగారి దగ్గరికి బయల్దేరేం.

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. ఆపరేషన్ పెద్ద పనేం కాదు గానీ షుగరు ఇంత ఉంటే చెయ్యనన్నారు డాక్టరుగారు. మాత్రలు రాసి, రాత్రిపూట అన్నం తగ్గించమని చెప్పి పంపేరు. నాయనమ్మకి కావలసింది ఒకటే, తన చేపముక్క తను తినాలి. అమ్మ ముళ్ళు తీసి పెడుతుంటే, "ఇంటిల్లిపాదికీ ముళ్ళు తీసి పెంచినదాన్ని నేను" అని మొహం తిప్పుకునేది.

తగ్గించమంటే ఆవిడ రాత్రి అన్నం పూర్తిగా మానేసింది. అది ఆవిడకి కొత్త కాదు. మా వైపు శనివారం ఒంటిపూట ఉంటారు. పగలు అన్నం, రాత్రికి ఫలహారం. నాయనమ్మ వారంలో ఉన్న రోజులన్నిటినీ శనివారాలు చేసేసింది. వీధిలో ఎవరైనా "భోజనం అయ్యిందాండీ?" అంటే, "నాకింక భోజనం ఏవిటమ్మా, కళ్ళ కోసం కడుపు మాడ్చుకుంటన్నాను" అనేది. అదే సమయానికి లోపల మూకుట్లో ఆవిడ మినపరొట్టె ఎర్రగా కాలుతూ ఉండేది. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, అరచెయ్యంత మందాన పోసి, సన్నసెగ మీద కాల్చిన రొట్టె. దాన్ని చెరుకు పానకంలో ముంచుకుని తినాలి. రొట్టె లేని రోజు అదే పిండి పనసాకు బుట్టల్లో పోసి ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి చట్నీ. ఉపవాసం చాలా పుష్టిగా సాగింది.

నేను రామచంద్రపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అందులో పోషకాహారం ఒక పేపరు. ఇంటికొచ్చేది శనివారాలు. శనివారం రాత్రి రొట్టె మామూలే కదా, అనుమానం ఎలా వస్తుంది?

మళ్ళీ చూపించడానికి వెళ్తే షుగరు దిగలేదు సరికదా, ఇంకాస్త ఎక్కింది.

"ఏం తింటున్నారు మామ్మగారూ?" అన్నారు డాక్టరుగారు.

"ఏమీ తినటల్లేదండి."

"రాత్రి కూడానా?"

"ఆయ్! రాత్రి అన్నవే ముట్టుకోటల్లేదండి."

"అన్నం కాకుండా?"

"అన్నం కాకపోతే తినడం ఏవుందండీ? ఏదో ఫలహారం."

అమ్మ రొట్టె సంగతి నెమ్మదిగా చెప్పింది. పానకం సంగతి ఇంకా నెమ్మదిగా చెప్పింది. డాక్టరుగారు పెన్ను కింద పెట్టేసేరు. కంచంలో సగం కూరలు, పావు వంతు అన్నమో టిఫినో, మిగతా పావు పప్పో చేపో అని మళ్ళీ మొదటినించీ చెప్పి, షుగరు దిగేకే రమ్మన్నారు.

బస్సులో నాయనమ్మ, "ఇంత నోరు కట్టుకున్నా దిగలేదంటే ఆ మిషనే పాడయ్యుంటుంది" అంది.

"అయితే మిషనుకే ఆపరేషన్ చేయిద్దాం" అన్నాను.

సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేను. "నాయనమ్మా, కడుపుకి శనివారం తెలీదు. అన్నమైనా రొట్టెలో రవ్వైనా లోపలికెళ్తే చక్కెరే."

"పానకం లేకుండా తింటే రొట్టెలో తీపెక్కడిదే?"

పానకం తగలని ముక్క ఒకటి చేతికిచ్చి, మింగకుండా నవలమన్నాను. కళ్ళు మూసుకుని నవిలింది. నవులుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగి, "ఏవే పిల్లా, పానకం పూసేవా?" అంది.

"లేదు. అది నీ ఉమ్మి చేసిన తీపి. అరగడం నోట్లోనే మొదలవుతుంది. మిగతాది చిన్నపేగుల్లో పూర్తయి రక్తంలో కలుస్తుంది. దాన్నే ఆ మిషను చూసింది."

నాయనమ్మ నోట్లోది మింగేసింది. తర్వాత, "అయితే ఇన్నాళ్ళూ నేను చేసింది ఉపవాసం కాదా?" అంది.

"ఉపవాసమే. కడుపునిండా చేసేవు."

మర్నాటినించి కంచంలో సగం బీరకాయో తోటకూరో ఉండేది. పానకం సీసా అటకెక్కింది. ఆవిడకి అసలు కష్టం మలికిపురంలో మా మేనత్త ఇంట్లో వచ్చింది. మా వైపు చుట్టం "చాలు" అన్నాకే వడ్డన మొదలవుతుంది. నాయనమ్మ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క గరిటేనే అమ్మా, నా మీద ఒట్టు!" అంది మేనత్త.

"నీ మీద ఒట్టు నా పేగులకి తెలీదే" అంది నాయనమ్మ, చెయ్యి తియ్యకుండా. మేనత్త అలిగింది. షుగరు దిగింది.

ఆపరేషన్ అయ్యి, కళ్ళు కుదుటపడ్డాక ఓ రాత్రి అమ్మ చేపల పులుసు పెట్టింది.

"తోకముక్క వెయ్యి" అంది నాయనమ్మ.

"దాన్నిండా ముళ్ళేనండీ అత్తయ్యగారూ."

"అందుకే వెయ్యమన్నాను."

తోక విప్పి, వెంట్రుకంత ముళ్ళు ఒక్కొక్కటే తీసి కంచం అంచున పేర్చుకుంటూ నిదానంగా తింటోంది. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఆవిణ్ణి చూస్తూ నా ముక్క చూసుకోలేదు. ముల్లు నా గొంతులో గుచ్చుకుంది.

దగ్గుతుంటే నాయనమ్మ గబుక్కున అన్నం ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. "నవలకుండా మింగు." ఇది మా పేపర్లో లేదు. ఏ డాక్టరూ ఒప్పుకోడు కూడా. కానీ దిగింది.

ఇంకో ముద్ద కోసం నోరు తెరిచేను.

"చాలు" అంది. "రాత్రిపూట."