నాయిన కండ్లు, నా బాతులు

ఆ రోజుల్లో, అంటే మా జడ్చర్లలో "టీవీ ఉన్నోళ్ల ఇల్లు" అంటే దారి చెప్పినట్టే అయ్యే కాలంలో, టీవీ బటన్లు ముట్టుకోవడం పొయ్యి మీది పాలు ఒలకబోయడం కంటే పెద్ద నేరం. మా నాయిన దర్జీ. జాకెట్లు కుట్టి కుట్టి కొన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ అది. మెకానిక్ వచ్చి బ్రైట్‌నెస్ బటన్ సరిచేసి పోయిన రోజే నాయిన ఇంటిల్లిపాదికీ హెచ్చరిక చేశాడు. "గీ బటన్ తిప్పినోల్ల చెయ్యి ఇరగ్గొడ్త." ఇంటిల్లిపాది అంటే నేనే. (అమ్మ టీవీ జోలికే వచ్చేది కాదు, దుమ్ము కూడా దూరం నుంచే దులిపేది.)

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చిన్నమామ దుబాయి నుంచి వీడియో గేమ్ తెచ్చాడు. గడ్డిలోంచి బాతులు లేస్తాయి, ప్లాస్టిక్ తుపాకితో కొట్టాలి. మా టీవీలో గడ్డీ నలుపే, బాతూ నలుపే. ఒక ఆదివారం నాయిన దుకాణానికి పోగానే ధైర్యం చేసి ఆ బటన్‌ను చివరిదాకా తిప్పాను. గడ్డి తెల్లబడింది, బాతులు నల్లగా తేలాయి. పదకొండింటిని పడగొట్టాను. ఆ సంబరంలో బటన్ వెనక్కి తిప్పడం మరిచిపోయాను.

సాయంత్రం నాయిన వార్తలు పెట్టాడు. వార్తలు చదివే ఆమెకు ముక్కూ లేదు, నోరూ లేదు, ముఖమంతా సున్నం వేసిన గోడ. నాయిన కండ్లు నులుముకొని, "జర చూడు బిడ్డా, నీకు మంచిగ కనబడుతాందా?" అన్నాడు. "మంచిగనే కనబడుతాంది నాయినా" అనేశాను. ఆయన అరచేతిని ముఖం ముందు పెట్టుకొని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత వంటింట్లోకి పోయి అమ్మతో, "కండ్లు పోతే దర్జీ పనోడు ఎట్ల బతుకుతడే?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు అన్నం దిగలేదు. నిజం చెప్పేద్దామని నోరు తెరుస్తాను, వెంటనే నా చెయ్యి గుర్తొస్తుంది.

తెల్లవారి దుకాణం తెరవకుండానే ఆయన పాలమూరు దవాఖానకు బస్సెక్కాడు. బస్సు అటు కదలగానే నేను ఇటు బటన్ సరిచేశాను. సరిచేశానే గాని, దారిలో ఆయన ఏమేం తలచుకొని కుమిలిపోతున్నాడో అని రోజంతా ఏడుపే. కడుపునొప్పి అని చెప్పి బడి ఎగ్గొట్టాను. (మధ్యాహ్నానికి నొప్పి నిజంగానే వచ్చింది.) పొద్దుగూకే వేళకు నాయిన నల్ల ఫ్రేము అద్దాలతో దిగాడు.

"కండ్లు మంచిగనే ఉన్నయన్నడు డాక్టర్. గాయనకేం ఎరుక? నేనే బస్టాండ్ కాడ అద్దాలు కొనుక్కున్న" అంటూ వార్తలు పెట్టాడు. ఈసారి ముక్కూ నోరూ ఉన్న మనిషి కనిపించింది. "అబ్బ! అద్దాలు పెట్టంగనే ఎంత సాఫ్ కనబడుతాందో!" అని ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోతుంటే, నేను పోయి అమ్మ వెనకాల నిలబడ్డాను.

ఆ అద్దాలతోనే ఆయన ఏండ్ల తరబడి వార్తలు చూశాడు. నా పెండ్లయి, పాప పుట్టాక (చేతులు ఇరగ్గొట్టే వయసు ఆయనకూ దాటిపోయాక) ఒకరోజు బాతులతో సహా అంతా చెప్పేశాను. నాయిన నా దిక్కు జాలిగా చూశాడు.

"నా కండ్ల గురించి నేను ఫికర్ చేస్తనని గిట్ల చెప్తున్నవా? చిన్నప్పటిసంది అబద్ధమాడనిదానివి, ఇప్పుడెందుకు మొదలువెట్టినవ్ బిడ్డా?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన అద్దాలు తీసుకొని కొంగుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాను.