సున్నా మాస్టారి ఇంట్లో ఏడు లైట్లు

తాళాలు తీసేవాడికి భయమేమిటి అని అందరూ అనుకునేవారు. అనుకోవడంలో తప్పు లేదు. ఎవరైనా తాళంచెవి పోగొట్టుకుని కబురు చేస్తే, చేతిసంచిలో నాలుగు వంకర కడ్డీలూ ఒక నూనె సీసా వేసుకుని వెళ్లేవాడు. పదేళ్లుగా మూసి ఉన్న ఇళ్లు, పోయినవాళ్ల బీరువాలు, నీళ్లు చేరిన నేలమాళిగలు, వీటన్నిటి చీకట్లోకీ మొదట తల దూర్చింది ఆయనే. ఒకసారి ఎవరికీ లొంగని ఇనప్పెట్టె ముందు కూర్చుని గట్టిగా దగ్గితే అది దానంతటదే తెరుచుకుందని చెప్పుకుంటారు. ఆ మాట ఆయన కాదనలేదు. "మామూలు దగ్గు కాదు, నిమోనియా దగ్గు" అని మాత్రం సరిదిద్దాడు.

అలాంటి మనిషి శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి కొట్టు కట్టేసి, దర్జీ అక్క కొట్టు వెనకగదిలో తేలేవాడు. దెయ్యం సినిమాల పిచ్చి ఉన్న నలుగురు అక్కడ చేరేవారు. గది దర్జీ అక్కది. రిటైరైన బస్సు కండక్టరు ఒకరు, ఆసుపత్రిలో పనిచేసే పడుచు నర్సు ఒకరు. నాలుగో కుర్చీ తాళాలాయనది. ఆలస్యమైతే ఆ కుర్చీ మీద దర్జీ అక్క కత్తెర పెట్టి ఉంచేది, ఇంకెవరూ కూర్చోకుండా.

వాళ్ల దగ్గర సినిమాలకి స్టార్లూ మార్కులూ చెల్లవు. సినిమా చూసొచ్చిన రాత్రి ఆర్పకుండా ఎన్ని లైట్లు వదిలేసి పడుకున్నావన్నదే తీర్పు. వరండాలో ఒక్కటి వెలిగితే ఒక లైటు సినిమా, వంటింట్లోనూ వెలిగితే రెండు. మర్నాడు కండక్టరు తన పాత టికెట్ల కట్టలోంచి తలా ఒక టికెట్టు చింపి, ఎన్ని లైట్లయితే అన్ని చిల్లులు కొట్టి ఇచ్చేవాడు. ఉద్యోగం నుంచి వచ్చేస్తూ ఆయన బస్సొక్కటీ వదిలేసి మిగతావన్నీ తెచ్చేసుకున్నాడని దర్జీ అక్క అనేది.

తాళాలాయన టికెట్లలో మాత్రం ఒక్కదానికీ చిల్లు లేదు. రెండేళ్లుగా ఏ సినిమాకైనా ఆయన తీర్పు సున్నానే. మిగతావాళ్లు తెల్లవారేదాకా ఆగాలి, ఆయన హాల్లోంచి బయటికొస్తూనే చెప్పేసేవాడు. అందుకే ఆయనకి సున్నా మాస్టారు అని పేరు పడింది. ఆయన దగ్గర ఒక్క లైటు సంపాదించిన సినిమా వస్తే చాలు, ఈ జన్మకి ఇంకేమీ చూడక్కర్లేదని కండక్టరు అనేవాడు.

ఆ శనివారం చర్చకి వచ్చింది మెట్ల సినిమా. పాత ఇల్లు, మెట్లు, మెట్ల మీద తెల్లగౌను దెయ్యం.

"దెయ్యం ముప్ఫయ్యేళ్లు బావిలో ఉందన్నాడు కదా," అంది దర్జీ అక్క. "లేచి వచ్చాక గౌనుకి ఇస్త్రీ మడత చెక్కుచెదరలేదు. ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందో చెబితే నేనే ఇరవై మీటర్లు కొంటాను."

"రక్తం సంగతి అడగకు అక్కా," అంది నర్సు. "మా వార్డులో ఆ రంగు రక్తం కనిపిస్తే పేషెంటు కంటే ముందు డాక్టరు పడిపోతాడు."

"సినిమా అంటే ఆ లిఫ్టు సినిమాది," అన్నాడు కండక్టరు. "చివరిదాకా దెయ్యాన్ని చూపించాడా? ఊహూఁ. లిఫ్టు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, ఎవరూ ఉండరు. మళ్లీ మూసుకుంటుంది. ఆ రాత్రి నేను మూడు లైట్లు వదిలేశాను. మీ వదిన నాలుగోది వేసింది గానీ అది నా లెక్కలోకి రాదు."

"నిజం దెయ్యం ఎక్కిన బస్సు నడిపినవాడివి, నీకు లిఫ్టు దెయ్యం ఏపాటి అన్నయ్యా," అంది దర్జీ అక్క.

"నడపలేదు, టికెట్లు కొట్టాను. నిజంగానే ఎక్కింది చెల్లెమ్మా. కాళ్లు నేలకి ఆనడం లేదు. కూర్చోలేదు, అలాగని నిలబడిందీ లేదు. ఏ టికెట్టు కొట్టాలో తెలియక రూల్సు పుస్తకం తిరగేశాను."

"ఏం కొట్టావు మరి?"

"లగేజీ."

మెట్ల సినిమాకి నలుగురూ సున్నా ఇచ్చారు. ఇంతవరకూ బాగానే ఉంది. లేవబోతుండగా దర్జీ అక్క, వచ్చే వారం కొట్టు గోడలకి సున్నాలు వేయిస్తున్నానని, కూర్చోవడానికి చోటుండదని చెప్పింది. "మాస్టారి ఇల్లుందిగా," అన్నాడు కండక్టరు. "ఒక్కడే ఉంటాడు. ఎవరికి అడ్డం?"

కడ్డీ పెట్టి మెలిపెడితే నిమిషంలో ఏ తాళమైనా తీసే మాస్టారికి, ఒక్క సాకు దొరకడానికి నిమిషం చాలలేదు. "రండి," అన్నాడు.

ఆ వారమంతా ఆయనకి అన్నం సహించలేదు. ఆయన ఇంట్లో ఏడు లైట్లున్నాయి. రెండేళ్లుగా ఏడూ, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉన్నాయి. స్విచ్చులు కిందికి నొక్కి, పొరపాటున కూడా చెయ్యి తగిలి లేవకుండా వాటి మీద నల్ల టేపు అంటించాడు. ఏ సినిమా చూసొచ్చినా కొత్తగా వదిలేయడానికి ఇంకో లైటు లేదు, అందుకే సున్నా. ఈ సంగతి బయటపడితే, ఇన్నాళ్లూ లేని ధైర్యానికి మర్యాద పుచ్చుకున్నాడని నవ్వుతారు. నవ్వితే నవ్వారు. ఆ కుర్చీ మీద కత్తెర పెట్టడం మానేస్తే? వారం మొత్తంలో తాళం గురించి కాకుండా ఆయనతో ఎవరైనా మాట్లాడేది ఆ రెండు గంటలే.

వాళ్లు రాకముందే టేపులు పీకేసి ఆర్పేస్తే సరిపోయేది. శనివారం పొద్దున్న ఆ పనికే పూనుకున్నాడు. హాల్లో టేపు అంచుని గోరుతో పట్టుకున్నాడు. అంతవరకే. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆ ఇంట్లో లైట్లు ఆర్పడం ఆయన పని కాదు, ఆయన భార్య పని. ఆయన ముందు పడుకునేవాడు. ఆవిడ వరండాలో మొదలుపెట్టేది. వరండాలో టిక్కు, హాల్లో టిక్కు, వంటింట్లో టిక్కు. చప్పుడు ఒక్కో గదీ దాటి దగ్గరికొచ్చేది. ఆఖరి టిక్కుతో మంచం అటు పక్క కొద్దిగా కుంగేది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన నిద్రపోయింది ఆ చప్పుడుకే. ఆవిడ పోయిన రాత్రి చుట్టాలెవరో ఆ స్విచ్చులు వరసగా ఆర్పుకుంటూ వచ్చారు. టిక్కు, టిక్కు, టిక్కు. ఆఖరి టిక్కు తర్వాత మంచం కదల్లేదు. మర్నాడే టేపు కొనుక్కొచ్చాడు.

మూడింటికి ముగ్గురూ వచ్చారు. దర్జీ అక్కకి గది దాటితే లైటు ఆర్పే అలవాటు. గుమ్మం దాటుతూనే ఆవిడ చెయ్యి దానంతటది స్విచ్చు మీదికి వెళ్లి, టేపు మీద ఆగింది. కండక్టరు సీట్లు లెక్కపెట్టేవాడిలా ఇల్లంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"ఏడు," అన్నాడు. "పట్టపగలు. స్నానాలగదిలో కూడా."

మాస్టారు నేల చూస్తున్నాడు. ఇంక నవ్వుతారనుకున్నాడు.

వాళ్లు నవ్వలేదు. దెయ్యం సినిమాల పిచ్చివాళ్లకి లైటు వెలిగితే దానికి కారణం ఒక్కటే. "ఏడు లైట్ల సినిమా ఇంతవరకూ పుట్టలేదు," అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి. "ఏ సినిమా మాస్టారూ? ఈ మధ్య చూసింది మెట్ల సినిమా ఒక్కటేగా? అప్పుడు సున్నా అన్నావు, భయం తర్వాత పట్టుకుందా?"

నిజం చెప్పడానికి అదే సమయం. కానీ ముగ్గురూ ఆయన వైపు ఎంత గౌరవంగా చూస్తున్నారంటే, ఆయన "ఊఁ" అన్నాడు.

"చూశావా అక్కా, మనకి కనపడనిదేదో బాబాయికి కనపడింది," అంది నర్సు. "మనం గౌను మడతలు చూస్తూ కూర్చున్నాం."

మర్నాడు మ్యాటినీకి నలుగురూ వెళ్లారు. మాస్టారు వద్దన్నా వినలేదు, ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. హాల్లో వీళ్లు కాక మరో ఆరుగురున్నారు, అందులో ఇద్దరు నిద్రపోతున్నారు. మెట్ల మీద దెయ్యం వచ్చింది. "ఇక్కడా?" అంది దర్జీ అక్క. ఆయన తల అడ్డంగా ఊపాడు. బావిలోంచి చెయ్యి లేచింది. "ఇదా బాబాయ్?" కాదన్నాడు. కండక్టరు మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. "స్టేజీ వచ్చినప్పుడు చెప్పు, దాటిపోకుండా."

ఇంటర్వెల్ అయిన కాసేపటికి ఒక చిన్న సీను వచ్చింది. దెయ్యం లేదు, సంగీతం కూడా లేదు. కథానాయకుడు ఆఫీసు నుంచి వస్తాడు. తాళం తీస్తాడు. చెప్పులు విప్పుతూ లోపలికి చూసి, "ఏమోయ్, వచ్చాను," అంటాడు. భార్య పుట్టింటికి వెళ్లిందని అప్పుడు గుర్తొస్తుంది. కాసేపు నిలబడి చెప్పులు పక్కకి పెడతాడు. సీను అయిపోతుంది.

"ఇది," అన్నాడు మాస్టారు.

ముగ్గురూ తెర వైపు మళ్లీ చూశారు. అప్పటికి తెర మీద కారు వెళ్తోంది.

"అక్కడ దెయ్యం రాలేదు కదా మాస్టారూ," అన్నాడు కండక్టరు.

"రాలేదు," అన్నాడాయన. "వస్తే బాగుండేది."

కండక్టరు మోచెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాస్టారు తెర వైపే చూస్తూ, ఎవరికో తాళం రిపేరు గురించి వివరిస్తున్నట్టు, స్విచ్చుల సంగతీ టిక్కుల సంగతీ చెప్పాడు. రెండేళ్లుగా ఇచ్చినవి సున్నాలు కావని, వెలిగించడానికి లైటు మిగల్లేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ తెర మీద దెయ్యం అరుస్తూనే ఉంది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నర్సు తన పాప్‌కార్న్ పొట్లం ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన తినలేదు గానీ, సినిమా అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

బయటికొచ్చాక దర్జీ అక్క ఒక్కటే మాటంది. "కొట్టుకి వేసిన సున్నం ఇంకా ఆరలేదు మాస్టారూ. వచ్చే శనివారం కూడా మీ ఇంట్లోనే."

ఆరిపోయిన గోడల్ని అందరూ చూసే వచ్చారు. ఎవరూ కాదనలేదు.

ఆ తర్వాతి శనివారం పొద్దున్న ఆటకి కొత్త సినిమా చూసి, నలుగురూ అటునుంచి అటే మాస్టారి ఇంటికి వచ్చారు. ఎప్పటిలాగే గొడవ. అద్దంలో దెయ్యం కనిపించినప్పుడు దాని చేతిగడియారం అద్దంలోనూ ఎడమచేతికే ఎందుకుందని నర్సు. దెయ్యానికి గడియారం ఎందుకని కండక్టరు. డ్యూటీ దిగే టైము తెలియొద్దా అని దర్జీ అక్క. నవ్వి నవ్వి టీ చల్లారిపోయింది. దర్జీ అక్క గ్లాసులు పోగుచేసి వంటింట్లోకి తీసుకెళ్లింది.

ఆ రోజు తెల్లవారుతుండగానే వంటింటి స్విచ్చు మీద టేపు పీకేసి ఉంచాడని మాస్టారు ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్కటే. మిగతా ఆరింటి జోలికి పోలేదు. పీకాడే గానీ స్విచ్చు ముట్టుకోలేదు.

కుళాయి చప్పుడు ఆగింది. గ్లాసులు బోర్లించిన చప్పుడు. కండక్టరు అద్దం దెయ్యానికి బస్సు పాసు ఇవ్వొచ్చా అన్న మీమాంసలో పడ్డాడు. మాస్టారు ఆ మాటలు వినడం లేదు. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, తల కొంచెం అటు తిప్పి కూర్చున్నాడు.

వంటింట్లో టిక్కుమంది.

దర్జీ అక్క పమిట చెంగుకి చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చింది. ఏం చేసిందో ఆవిడకే తెలియదు. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కుర్చీ కొద్దిగా కిర్రుమంది.

కండక్టరు టికెట్ల కట్ట తీశాడు. "మా ముగ్గురివీ రేపు చెబుతాం. నీకు రాత్రితో పనిలేదుగా మాస్టారూ, సున్నా టికెట్టు ఇప్పుడే చింపేయనా?"

మాస్టారు చీకటిగా ఉన్న వంటింటి గుమ్మం వైపు చూశాడు. ఈ రాత్రికి అది అలాగే ఉంటుందో, లేచి వెళ్లి వేస్తాడో ఆయనకే తెలియదు.

"ఉంచు," అన్నాడు. "రేపు అడుగు."