బ్యాటరీ కారులో బారసాలకి

నాకు కారు నడపడం యాభై రెండో ఏట వచ్చింది. అంతకుముందు ప్రయత్నించకపోలేదు. మా ఆయన గల్ఫ్‌లో ఒకరింట్లో ఇరవై ఏళ్ళు డ్రైవరుగా పనిచేసి తిరిగొచ్చిన ఏడాదే సెకండ్‌హ్యాండు పెట్రోలు కారొకటి కొన్నారు. నాకు నేర్పుతానని ఉత్సాహపడ్డారు కూడా. మామిడికుదురులో మా వీధి మెయిన్ రోడ్డెక్కే చోట చిన్న ఎత్తు ఉంటుంది. అక్కడ క్లచ్ వదలాలో నొక్కాలో తేల్చుకునేలోపే బండి ఆగిపోయేది. ఒకరోజు అలాగే ఆగిపోతే వెనక కొబ్బరికాయల ట్రాక్టరు, దాని వెనక స్కూలు బస్సు నిలబడిపోయాయి. హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని నేను. బస్సు కిటికీల్లోంచి నా క్లాసు పిల్లలే తలలు బయటపెట్టి, ఫస్టు గేరు వేయమని నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. నేను తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, దిగి, నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాను.

కొన్నేళ్ళకి ఆ కారు అమ్మేశాం. ఎలక్ట్రిక్ కారు కొందామన్నది నేనే. షోరూములో అమ్మాయి రోడ్డు టాక్సు మినహాయింపు గురించీ, జీఎస్టీ తగ్గింపు గురించీ చాలా వివరంగా చెప్పింది. అదంతా మా ఆయన విన్నారు. దీనికి క్లచ్ ఉండదనీ, గేర్లు మార్చే పని లేదనీ ఆమె చెప్పిన ఒక్క మాటే నేను విన్నాను.

బండి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, మా ఆయన పక్క సీట్లో కూర్చుని ఆంజనేయస్వామిని తలుచుకుంటుండగా, ఆ ఎత్తు దగ్గరికి వెళ్ళాను. కాలు కొంచెం ఆనించాను. చప్పుడు లేదు, కుదుపు లేదు, బండి ఎక్కేసింది. నాకు నమ్మకం కుదరలేదు. వెనక్కి తిప్పుకొచ్చి మళ్ళీ ఎక్కించాను. అలా ఐదుసార్లు ఎక్కించి దించాక, మూలింటి అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయనెవరో లేచొచ్చి, ఏమైనా పోగొట్టుకున్నారా అమ్మా అని అడిగారు. నాకు నవ్వాగలేదు. ఇంటికొచ్చి అన్నం వండుతూ కూడా నవ్వాను.

మా ఆయనకి మాత్రం మొదట్లో అది నచ్చలేదు. ఇంజను చప్పుడు వినపడకపోతే బండికి ప్రాణం లేనట్టుందనేవారు. పక్క సీట్లో ఆయన కుడికాలు లేని బ్రేకుని నొక్కుతూనే ఉండేది.

అసలైన ప్రతిపక్షం మా పెద్దనాన్నగారు. మా నాన్నకి అన్నగారు, ఎనభై దాటిన రైతు. నాకు పెళ్ళి కూడా సొంత ఊళ్ళోనే చేశారు కాబట్టి, ఆయన ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. ఆయన రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు నోటీసుల దాకా చదువుతారు. చదివినదాంట్లో తనకు నచ్చనిది ఎవరో ఒకరితో వాదించకపోతే మధ్యాహ్నం నిద్రపట్టదు. కారు చూడ్డానికి వచ్చినప్పుడు చంకలో పేపరుతోనే వచ్చారు. చుట్టూ తిరిగి చూసి, బాగుందన్నారు. ఆ తర్వాత కుర్చీ వేయించుకుని మొదలుపెట్టారు. కారు కొనగలిగినవాడికి సర్కారు సాయమెందుకన్నది ఆయన ప్రశ్న. ధాన్యం అమ్ముకోవడానికి రైతు గోనెసంచుల కోసం తిరుగుతుంటే, టీచరమ్మ కారుకి పన్ను మాఫీ చేస్తారా అన్నారు.

పొగ రాదు కదా, బయటి దేశాల నుంచి చమురు కొనక్కర్లేదు కదా అని నేనన్నాను. ఆ కరెంటు ఎక్కడిది, బొగ్గు కాల్చిందే కదా అని ఆయన. ఇద్దరం చాలాసేపు అలా మాటకి మాట అనుకున్నాక, మా ఆయన నెమ్మదిగా ఒక మాటన్నారు.

"నేను పనిచేసిన చోట పెట్రోలు మంచినీళ్ళంత చవగ్గా దొరికేదండి. అక్కడ దానికే సర్కారు సాయం. ఏ బండైనా ఒంటరిగా నడవదండి, వెనకనించి ఎవరో ఒకరు తోస్తానే ఉంటారు."

పెద్దనాన్నగారు పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. తర్వాత, "తోస్తే తొయ్యమనండి అల్లుడుగారూ. ముందు ఎవర్ని తొయ్యాలో చూడాలి గదా," అన్నారు. ఆ రోజుకి సభ ముగిసింది.

తర్వాతి వారంలో పలివెలలో ఆయన మునిమనవరాలి బారసాల వచ్చింది. పెద్దనాన్నగారి కూతురింట్లోనే వేడుక. పదకొండు గంటలకి పిల్లని ఉయ్యాల్లో వెయ్యాలి. ముత్తాత చేతుల మీదుగా జరగాలని వాళ్ళ పట్టుదల. బస్సులో వద్దు, ఆయన్నీ పెద్దమ్మనీ నేను తీసుకెళ్తానన్నాను. వాదన వేరు, ప్రయాణం వేరు కాబట్టి పెద్దనాన్నగారు ఒప్పుకున్నారు.

ముందురోజు ఆదివారం నేను చేసిన పని చెప్పాలి. మా వీధిలో ఆడవాళ్ళని నలుగురేసి చొప్పున ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. పక్కింటావిడ రెండుసార్లు ఎక్కింది. పాలు పోసే ఆమె క్యాను పక్కనపెట్టి ఎక్కింది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ముందు సీట్లో ఎప్పుడూ కూర్చోలేదని ఒకావిడంటే, ఆవిణ్ణి ఒక్కదాన్నే ముందు కూర్చోబెట్టి పక్కూరు నగరం దాకా తీసుకెళ్ళి తెచ్చాను. ఏసీ వేసే ఉంచాను. సాయంత్రానికి బ్యాటరీ అడుగంటింది. రాత్రికి చార్జింగు పెడితే తెల్లారేసరికి నిండిపోతుందని ప్లగ్గు పెట్టి పడుకున్నాను. గాలివానకి కరెంటు పోయింది. పొద్దున్న లేచి చూస్తే నూటికి పాతిక దగ్గరే ఉంది.

మా ఆయన టాక్సీ మాట్లాడతానన్నారు. నేను పేపరు తీసి లెక్క వేశాను. పాతిక శాతానికి పలివెల చేరి ఇంకా కొంచెం మిగులుతుంది. లెక్కల టీచర్ని కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. నలుగురం మాట్లాడుకుంటూ పోయే ప్రయాణానికీ, ఉక్కపోతలో పెద్దమ్మ ఏసీ వేయమనడానికీ నా లెక్కలో చోటు లేదు.

అమలాపురం వచ్చేసరికే అంకె పదమూడుకి పడిపోయింది. నేనా సంగతి చెప్పలేదు. ఏసీ మెల్లగా ఆపాను. వెనక పెద్దనాన్నగారు మళ్ళీ అదే వాదన అందుకున్నారు. ఈసారి గట్టిగానే ఉన్నారు. సాయమంటే లేనివాడికి చెయ్యాలి, ఉన్నవాడు సరదాపడితే దానికి ఊరందరి సొమ్మూ ఎందుకు అన్నారు. పెద్దమ్మ విసనకర్రతో విసురుకుంటూ, సర్కారు ఎవరికిస్తే ఎవరికిచ్చింది గానీ, ఈ బండిలో గాలి ఎందుకాగిందో కనుక్కోమంది. అప్పుడు చెప్పక తప్పలేదు. అంబాజీపేట దాటేసరికి అంకె ఏడు. తెరమీద ఎర్ర తాబేలు బొమ్మొకటి వెలిగి, బండి దానంతటదే నెమ్మదించింది. మమ్మల్ని ఒక సైకిలాయన దాటుకుపోయాడు. పెద్దమ్మ ఆయన్ని కిటికీలోంచి చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే నాకూ ఆగదు. భయపడాల్సిన సమయంలో ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాం. మా ఆయన మాత్రం గడియారం చూసుకుంటున్నారు.

అప్పుడు పెద్దనాన్నగారికి మంచి ఆలోచన వచ్చింది. ఇంకొంచెం దూరంలో రోడ్డు పక్కనే పెద్దమ్మ పుట్టింటి నుంచి వచ్చిన కొబ్బరితోట ఉంది. అందులో బోరు మోటారు, షెడ్డు ఉన్నాయి.

"తోటలోకి పోనివ్వమ్మా. మోటారు షెడ్లో చార్జింగు పెట్టేద్దాం. అక్కడ కరెంటు ఫ్రీయే," అన్నారు.

ఆ షెడ్డుకి వచ్చేది రైతులకి సర్కారు ఉచితంగా ఇచ్చే కరెంటు. నేను అద్దంలోంచి ఆయన్ని చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తోట గేటు ముందు బండి ఆపాను. ఆయన దిగలేదు. తన మాటే తనకి అప్పుడు వినపడినట్టుంది. మెడ వెనక చెయ్యి రాసుకుంటూ చెప్పారు.

"వద్దులే. అది పంటకిచ్చేరు. కారుకి పెడితే తప్పే. నేనన్నాను గానీ, తప్పే."

నేనైతే ఆయన్ని అక్కడ చిత్తు చేయాలని వారం రోజులుగా ఎదురుచూస్తున్నదాన్ని. అంత పెద్దాయన తన తప్పు అంత తేలిగ్గా ఒప్పేసుకునేసరికి నేను సిద్ధం చేసుకున్న మాటలకి పనే లేకపోయింది. పెద్దమ్మ మాత్రం, తోట నాది, నన్ను అడక్కుండానే పెట్టేద్దామన్నారని గుర్తు చేసింది. ఆయన ఆయ్ అని తలూపి అది కూడా ఒప్పుకున్నారు.

తోట పక్క ఇంటి ముందు ఒక ఆకుపచ్చ బ్యాటరీ ఆటో నిలబడి ఉంది. దాన్ని నడిపే ఆవిడ, నలభై ఏళ్ళుంటాయేమో, పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ మమ్మల్ని చూసి వచ్చింది. పెద్దమ్మని గుర్తుపట్టి పలకరించింది. విషయం విని, తన ఆటోకి చార్జింగు పెట్టే ప్లగ్గు వరండాలోనే ఉందనీ, కారు కూడా అక్కడే పెట్టుకోవచ్చనీ చెప్పింది. మీటరు కరెంటు కదా, ఊరికే వాడుకోవడం బాగోదని మా ఆయన మొహమాటపడితే, ముందు బండి లోపలికి తెమ్మంది. ప్లగ్గు పెట్టాం. కారు తెర మీద లెక్క చూపించింది: సాయంత్రానికి సరిపడా నిండుతుంది.

కానీ అప్పటికే పది దాటింది. ఆవిడ మా నలుగురినీ చూసి, తన ఆటో వైపు చూపించింది.

"ఎక్కండి బాబాయిగారూ. పలివెల ఎంతసేపు. నేను దింపేసొస్తాను."

అలా బారసాలకి మేం బ్యాటరీ ఆటోలో బయల్దేరాం. పట్టుచీర నలక్కుండా పెద్దమ్మ, కండువా ఎగిరిపోకుండా పెద్దనాన్నగారు, ఒళ్ళో పళ్ళబుట్టతో మా ఆయన వెనక కూర్చున్నారు. నేను ముందు ఆవిడ పక్కన ఇరుక్కున్నాను. గాలి రివ్వున కొడుతోంది. దారి పొడవునా ఆవిణ్ణి చూసి చెయ్యి ఊపనివాళ్ళు లేరు. పెద్దనాన్నగారు ఊరుకోలేదు. ఈ ఆటో ఎలా కొన్నావమ్మా అని ఆవిణ్ణి అడిగారు. ఇంతకుముందు కొబ్బరి పీచు మిల్లులో పనిచేసేదట. దుమ్ముకి ఆయాసం పట్టుకుంటే మానేసిందట.

"రాయితీ ఇచ్చేరు కాబట్టి కొన్నానండి. లేకపోతే ఈ బండి నా చేతికొచ్చేదే కాదు. ఇప్పుడు నేను ఒకరి కింద లేనండి," అంది.

పెద్దనాన్నగారు ముందుకి వంగి నా భుజం తట్టారు.

"విన్నావా అమ్మాయ్? ఈవిడకివ్వాలి. నీక్కాదు."

"ఈవిడకివ్వడానికి మీరు ఒప్పుకున్నట్టేనా పెద్దనాన్నగారూ?"

"ఈవిడకి ఒప్పుకున్నాను. నీకు మాత్రం ఒప్పుకోను."

నాలాంటివాళ్ళు కొంటేనే బ్యాటరీల ధర తగ్గి ఆవిడలాంటివాళ్ళకి అందుతుంది కదా అని నేనింకా ఏదో చెప్పబోయాను. ఆటో గతుకులో పడి నా మాట సగంలో తెగిపోయింది. ఇప్పటికీ ఆ సగం మాట నిజమేనని నా నమ్మకం. ఆయన మాటలో కూడా నిజముందని ఆ రోజే అనిపించింది.

పది నిమిషాల ముందే చేరాం. గుమ్మంలో ఎదురొచ్చిన వాళ్ళు కారేదని అడిగితే, పెద్దనాన్నగారు ఆటోని చూపించి, దీని ముందు ఆ కారెంత అన్నారు. ఆటో ఆవిణ్ణి కూడా లోపలికి రమ్మని పట్టుబట్టి తీసుకెళ్ళి, భోజనానికి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ముత్తాత చేతుల మీదుగా పిల్లని ఉయ్యాల్లో వేశారు. ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుని వదల్లేదు. వడ్డనలో పూతరేకులు పెద్దమ్మ ఎన్ని తిందో నేను చూశాను గానీ ఎవరికీ చెప్పలేదు. ప్రతి బంతిలోనూ పెద్దనాన్నగారు మోటారు షెడ్డు కథ తనంతట తానే చెప్పుకుని, తనే అందరికంటే ముందు నవ్వారు.

మధ్యాహ్నం ఎండ వాలాక ఆటో ఆవిడే మళ్ళీ మమ్మల్ని తన ఇంటికి తీసుకొచ్చింది. బ్యాటరీ సగానికి పైగా నిండింది. కరెంటుకీ, ఆటోకీ ఏమీ తీసుకోనంది. మా ఆయన ఆ ప్లగ్గుని కాసేపు పరిశీలించి, వదులుగా ఉన్న దాని స్క్రూలు బిగించి ఇచ్చారు. కారు ఒకసారి నడిపి చూడాలని ఉందని ఆవిడ అడిగింది. తోట పక్కన ఖాళీ బాటలో నేను పక్కన కూర్చుని నడిపించాను. ఆవిడ దిగి, మెత్తగా ఉంది గానీ పక్కనుంచి పోయే మనుషులు కనపడరు, నాకు ఆటోయే బాగుందంది.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మని ముందు కూర్చోబెట్టాను. బోడసకుర్రు వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మీంచి చల్లగాలి మొదలైంది. ఆవిడ అద్దం దింపమంది. వంతెన దాటాక, అయ్యో అప్పుడే అయిపోయిందే అంది. నేను మా ఆయన మొహం చూడకుండా బండి తిప్పాను. మళ్ళీ దాటాం. అటు చివర ఇంకోసారి తిప్పాను. కరెంటు దండగని వెనకనించి పెద్దనాన్నగారి గొంతు వినపడింది. పెద్దమ్మ కొంగు కిటికీలోంచి ఎగురుతోంది. ఆవిడ దాన్ని పట్టుకోలేదు. ఇంకొకసారి పోనివ్వమ్మా అంది, నేను పోనిచ్చాను.