ఒంటి సేతి సన్నాయి

మాఘమాసం పెళ్లిళ్లు దగ్గరికొచ్చీసినాయి. సరిగ్గా అప్పుడే నా మూతి వంకర పోనాది. పొద్దున్నే నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడం పక్కనించి కారిపోతన్నాయి. అద్దంలో సూస్తే సగం మొకం నాది, సగం ఎవుడిదో. నాను సన్నాయి వాయించేవోణ్ణి. మూతి లేకపోతే నాకింకేటున్నాది?

శ్రీకాకుళంలో డాక్టరు నరం వాసిందని, తగ్గడానికి నెలలు పడతాదని సెప్పి, రోజూ అద్దం ముందు బుగ్గలు ఉబ్బించమన్నాడు. పక్కింటి ముసల్ది పావురం కూర తినమన్నాది. రెండూ సేసినాను. పావురం బాగున్నాది.

మా మేళంలో డోలు మా బావమరిదిది. ఆడొచ్చి గుమ్మంలోనే నిలబడి, ఈ సీజనుకి బొబ్బిలి నించి ఇంకో సన్నాయాయన్ని మాటాడీసినానన్నాడు. నాకు ఒళ్లు మండిపోనాది. నోటికొచ్చినట్టు తిట్టినాను గానీ, ఆ మూతితో సగం తిట్లు గాలికే పోనాయి. మా ఇంటిది నవ్వాపుకోలేక వంటగదిలోకి పారిపోనాది. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. ఇన్నేళ్లు పక్కన కూకున్నోడే నన్ను లేపీసినాడని ఏడుపొచ్చినాది.

ఆ కోపంలోనే సన్నాయి తీసినాను. ఊదితే ఎడం బుగ్గలోంచి గాలంతా తుస్సుమంటన్నాది. ఎడం సేత్తో బుగ్గ నొక్కి పట్టి, సన్నాయి మోకాలికి ఆనించి, కుడి సేత్తోనే వాయించినాను. ఒంటి సేతికి అందేవి నాలుగు స్వరాలే. ఊపిరీ కొంచెమే. ఒక స్వరం కాడ ఆగి, ఊపిరి అందేక ఇంకోదాని కాడికెళ్లడం, అంతే. ఏడుద్దామని మొదలెట్టిన పాట, వాయిస్తా ఉంటే ఏడుపు ఎటో పోనాది. మనసు సల్లబడిపోనాది. రోజూ అదే వాయించినాను. మా ఇంటిది నాకు సెప్పకండా ఫోన్లో రికార్డు సేసి ఆల తమ్ముడికి, అదే మా బావమరిదికి, పంపీసినాది.

ఆడు ఫోన్ సేసి, మేళం ఒప్పుకున్న ఒక పెళ్లికి రమ్మన్నాడు, అప్పగింతల కాడ ఆ ఒక్కటీ వాయించమన్నాడు. జాలిపడి పిలుస్తన్నాడేటని మళ్లీ కోపమొచ్చినాది. మా ఇంటిది నాకేసి ఒక్క సూపు సూసినాది. ఎళ్లినాను.

విజయనగరం పక్కన ఊరది. తాళి కట్టేవరకూ బొబ్బిలాయన అదరగొట్టీసినాడు, ఒప్పుకోవాలి. అప్పగింతలకి నాను బుగ్గ పట్టుకుని కూకుంటే, పంటి నొప్పనుకుని పిల్లలు నవ్వినారు. ఊదినాను. పెళ్లికూతురి తల్లి ఏడుపాపి, కూతురి వీపు నిమరతా అలాగే నిలబడిపోనాది. పిల్ల నవ్వుతానే కారెక్కినాది. మా బావమరిది డోలు ముట్టుకోలేదు.

కారెళ్లిపోయేక, డోలు సంచిలో పెడతా, నాకేసి సూడకండానే అన్నాడు.

"జోరు పాటలకి ఆయన్ని పిలుద్దాం బావా. నా పక్కన కూకునేది మాత్రం నువ్వే. మూతి బాగయినా, అవకపోయినా."

నాకు నవ్వొచ్చినాది, కుడి పక్కకే. ఎడం కంట్లోంచి నీళ్లు కారిపోతన్నాయి. ఆ కన్ను సరిగ్గా మూతపడదు, జబ్బు వల్లేనని ఆడికి సెప్పినాను.