బజ్జీలు తిన్నది వాడు, మంట నాకు

ముందే ఒప్పుకుంటాను. ఒక మనిషికి రోజూ మిరపకాయ బజ్జీలు తినిపిస్తే రక్తపోటు పెరిగి మెడికల్ పరీక్షలో తప్పుతాడని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. నమ్మి ఊరుకోలేదు. వారాల తరబడి తినిపించాను. బజ్జీలు తిన్నది వాడు. కడుపుమంట నాకు.

సైన్యంలో పదిహేడేండ్లు బండి తోలినాను. అందులో మూడేండ్లు మంచుకొండల్లో అంబులెన్సు. మా ఆళ్లగడ్డలో ఎవరు కనబడినా ఆ మంచు సంగతులే అడుగుతారు. అంతకన్నా కష్టమైన డ్యూటీ ఒకటి చేశాను. నంద్యాలలో, ఆరు వారాలు. దాని గురించి ఎవరూ అడగరు. అందుకని నేనే చెబుతున్నా.

ఏప్రిల్, సోమవారం. ఉదయం ఆరూ పదికి ఆళ్లగడ్డలో బస్సెక్కి, ఏడున్నరకు నంద్యాల బస్టాండులో దిగాను. ఎండ అప్పటికే భుజం మీద చెయ్యేసింది. సామాను: రెక్సిన్ బ్యాగు ఒకటి, చుట్టిన పరుపు, రెండు ప్యాంట్లు, కాన్వాస్ బూట్లు, స్టీలు మగ్గు, బి.పి. చూసుకునే మిషను. చివరిది నా భార్య పెట్టింది. ఆర్డర్లూ ఆమెవే.

"పదిహేడేండ్లు సెలవుల మొగుడివే అయితివి. ఈసారి పోస్టింగు ఇంటికాడనే పడల్ల" అంది.

అంబులెన్సులు నడిపే ఒక కాంట్రాక్టు సంస్థ డ్రైవింగు పరీక్ష పెట్టి పదిమందిని తీసుకుంది. ఆరు వారాల శిక్షణ. ఆరో వారం సోమవారం మెడికల్. ముందు ఫిట్ అయినవాడు ముందు బండి కోరుకోవచ్చు. ఏ ఊళ్లో ఖాళీ ఉందో ఆఫీసు గోడకు కాగితం అంటించారు. ఆళ్లగడ్డలో ఒక్కటే ఖాళీ.

ఆ ఒక్కటి నాకు కావాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గురి ఎక్కడ పెట్టామో ఎదుటివాడికి తెలియకూడదని సైన్యంలో నేర్పుతారు. కాగితం ముందు నిలబడి కోయిలకుంట్ల పేరు చదువుతున్నట్టు నటించాను.

బస మూడో అంతస్తు మీద రేకుల గది. పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది. ఒక కిటికీ. ఒక ఫ్యాను. కొండల మీద మా బంకరు తలుపుకు మంచు అడ్డం పడేది. ఇక్కడ ఎండ అడ్డం పడింది. మంచాలు రెండు. రెండో మంచం మీద ఒక మనిషి ఎడమ కాలు గోడకు ఆనించి పడుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు?" కండ్లు తెరవకుండానే అడిగాడు.

"మిలట్రీ."

"యుద్ధమొచ్చిందా?"

"లేదు."

"అయితే పండుకో."

శిరివెళ్ల మనిషి. ఇరవై ఏండ్లు ట్రాక్టరు, లారీ తోలాడు. నాకన్నా రెండేండ్లు పెద్ద. ఆరోజు నుంచి నేను వాడికి మిలట్రీ, వాడు నాకు ట్రాక్టరు.

సాయంత్రం ఐదింటికి మిషను కట్టుకున్నాను. నూట యాభై రెండు, తొంభై ఆరు. నూట నలభై, తొంభై దాటితే ఫిట్ కాదని సంస్థ రూలు. ట్రాక్టరు చెయ్యి చాపాడు. "నాకూ కట్టప్పా, ఎంతుందో చూద్దాం." ఇంకో చేతిలో బీడీ. నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు.

"మంచిదేనా?"

"పరవాలేదు" అన్నాను. పద్దెనిమిదేండ్ల రిక్రూటుకు వచ్చే అంకె అది.

సైన్యంలో పూర్తి ఆరోగ్యవంతుణ్ణి 'షేప్ వన్' అంటారు. నేను షేప్ వన్‌గానే బయటికొచ్చాను. రెండేండ్లు ఇంటి తిండి తిన్నాక వన్ పోయింది. తర్వాత షేపూ పోయింది.

నా దినచర్య ఇది. 4.45కు లేవడం. 5.00కు పరుగు, ఐదు కిలోమీటర్లు. 6.15కు స్నానం. 9.00 నుంచి 4.00 దాకా శిక్షణ. రాత్రి 9.00కు దీపం ఆర్పడం. ఉప్పు లేదు, ఊరగాయ లేదు, టీ లేదు. వాడి దినచర్య ఏడింటికి లేవడం, బీడీ కాల్చడం, ఏడుంబావుకు మళ్లీ పడుకోవడం. ఉప్పూ కారం తినేవాడికి రోషముంటుందంటారు. నేను ఉప్పు మానేశాను, కారం తగ్గించాను. రోషం మాత్రం అట్లే ఉంది.

రెండో వారంలో బజ్జీల ఆపరేషన్ మొదలుపెట్టాను. బస్టాండు దగ్గర ఒక హోటలు. ప్లేటు నిండా బొరుగుల ఉగ్గాని, మీద నాలుగు మిరపకాయ బజ్జీలు.

"తినప్పా, దుడ్లు నేనిస్తా" అన్నాను.

"మీ మిలట్రీవోళ్లు శానా మంచోళ్లు. నువ్వు తినవా?"

"నాకు ఉప్పు పడదు."

"అయ్యో పాపం" అన్నాడు ట్రాక్టరు. నిజంగానే బాధపడ్డాడు. ఆ పాపానికి నా పై అంకె ఇంకో నాలుగు పెరిగింది.

మూడో వారం ఆరు బజ్జీలు. నాలుగో వారం ఎనిమిది, పైన ఊరమిరపకాయలు. రోజూ సాయంత్రం ఇద్దరి అంకెలూ నోటుబుక్కులో రాశాను. వాడిది నూట పదహారు, డెబ్బై నాలుగు. నాది నూట యాభై ఎనిమిది. ఒక్క ఆదివారం మాత్రం వాడు శిరివెళ్లకు పోయాడు. ఆరోజు నాకు నూట ముప్పై ఆరు వచ్చింది. మిషను చెడిపోయిందనుకున్నాను.

ఫోన్లో నా భార్యకు చదివి వినిపించాను. "ఆయప్ప ఊరికి పోయిన దినమే నీకు తగ్గె. ఇది రక్తపోటు గాదు, పోటీ" అంది. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

సాయంత్రాలు మిద్దె అంచున కూర్చునేవాళ్లం. అప్పటికి గాలి కొంచెం తిరిగేది. ఇల్లు గుర్తొచ్చి నేను ఆళ్లగడ్డ గురించి చెప్పేవాణ్ణి. పొద్దున్నే శిల్పులు రాయి చెక్కే చప్పుడు. వాన పడ్డాక అహోబిలం వైపు నల్లగా కనబడే కొండలు. ట్రాక్టరు బీడీ ఆరిపోయింది గూడా చూసుకోకుండా వినేవాడు.

"బాగుంటాది మీ వూరు" అన్నాడొకరోజు. "నువ్వు యాడ కోరుకుంటావు బండి?"

"యాడైనా ఒకటే. ఆర్డరు ఎట్లొస్తే అట్ల."

గురి చెప్పలేదు. లోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆరో వారం సోమవారం వచ్చింది. నాలుగింటికే లేచాను. సైనికుడికి ఏ పరీక్షయినా ముందు పరుగెత్తడం ఆచారం. ఆరోజు ఐదు చాలదనిపించి, ఏడింటికి మళ్లీ బయల్దేరి మొత్తం పది కిలోమీటర్లు పరుగెత్తాను. ఎనిమిదిన్నరకు అట్లే వచ్చి పరీక్ష గది ముందు నిలబడ్డాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ట్రాక్టరు ఎనిమిదింటికి లేచి, తల దువ్వకుండా వచ్చాడు. వాణ్ణి ముందు పిలిచారు. ఆరు నిమిషాలు పట్టింది.

"నూట పదహారు, డెబ్బై ఆరు. చాలా బాగుంది. ఏం తింటారు?" డాక్టరమ్మ అడగడం బయటికి వినబడింది.

"బజ్జీలు మేడమ్. మిలట్రీ తినిపిస్తాడు."

తర్వాత నేను. నూట అరవై ఎనిమిది, నూట రెండు. మూత్రంలో ప్రొటీను గూడా కనబడింది.

"పొద్దున ఏం చేశారు?"

"పది కిలోమీటర్లు పరుగెత్తాను మేడమ్."

ఆమె పెన్ను ఆగింది. "ఎవరు చెప్పారు?"

"అలవాటు మేడమ్."

"అంత పరుగెత్తి నేరుగా వస్తే ఇట్లాగే వస్తాయి. గురువారం మళ్లీ చూస్తాను. అప్పటిదాకా పరుగు లేదు. ఊరికే పడుకోండి."

పదిహేడేండ్లలో అంత కష్టమైన ఆర్డరు నాకెవరూ ఇవ్వలేదు.

గదికొచ్చి పడుకున్నాను. మంగళవారం పొద్దున ట్రాక్టరు బ్యాగు సర్దాడు. "నేనుంటే గురక పెడతా, నీకు నిద్ర రాదు. గురువారం వస్తాలే" అని శిరివెళ్ల బస్సెక్కాడు. పోతూ పోతూ కింద ఇంటామెకు చెప్పి నాకు రెండు పూటలా మజ్జిగ పంపించే ఏర్పాటు చేశాడు. ఉప్పు లేని మజ్జిగ. నాకది గూడా నచ్చలేదు.

గురువారం 10.50కి నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు. మూత్రం శుభ్రం. ఫిట్. 11.20కి ఆఫీసు గోడ దగ్గర నిలబడ్డాను. కాగితం మీద ఆళ్లగడ్డ ఎదురుగా సంతకం ఉంది. వంకరగా, పెద్దగా. ట్రాక్టరు సోమవారమే పెట్టిపోయాడు.

అప్పుడే వచ్చాడు, చేతిలో రెండు నిమ్మకాయ సోడాలతో.

"ఫిట్టా?"

"ఫిట్."

"నాకు తెలుసు లేప్పా" అని ఒక సోడా నా చేతిలో పెట్టాడు.

"ఆళ్లగడ్డ తీసుకున్నావా?"

"నువ్వు దినామూ చెప్తాంటివి గదా, మా యింటామెకు చెప్తి. రాళ్ల చప్పుడు వినల్ల, ఆడికే పోదామనె."

"నాకు కావాల్సింది అదే."

"ఏందీ?"

"ఆళ్లగడ్డ. మొదట్నుంచీ అదే."

ట్రాక్టరు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "యాడైనా ఒకటే అంటివి."

"అన్నాను."

"ఒక్క మాట చెప్పింటే యిడిచేసేటోన్ని గదప్పా. శిరివెళ్ల నుంచి నాకు నంద్యాలైనా ఒకటే, ఆళ్లగడ్డయినా ఒకటే. ఆరు వారాలు ఒకే గదిలో పండుకుంటిమి. నన్నేమనుకుంటివి నువ్వు?"

వాడే నా చెయ్యి పట్టుకుని మేనేజరు దగ్గరికి లాక్కుపోయాడు. "సార్, నాది కొట్టేసి ఈయప్పకు రాయండి" అన్నాడు. సోమవారం సంతకాల జాబితా పైకి పోయింది, ఏడాదిదాకా మార్చేది లేదన్నాడు మేనేజరు. ఇద్దరం బయటికొచ్చాం. సోడాలో గ్యాసు పోయింది. అంతవరకూ నా అసూయ వాడి రక్తం మీదే. ఆ మధ్యాహ్నం నుంచి వాడి మనసు మీద గూడా.

మిగిలిన ఊళ్లలో దగ్గరిది కోయిలకుంట్ల. సంతకం పెట్టి ఇంటికి ఫోను చేశాను.

"సెలవులుంటాయా?" అంది నా భార్య.

శనివారం సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డకు తిరిగొచ్చాను. ఆమె బ్యాగు అందుకుంది. ఇప్పుడు కోయిలకుంట్లలో బండి తోలుతున్నా. డ్యూటీ లేని రోజు ఇంట్లో ఉంటాను. మా వీధిలో అంబులెన్సు పోతే, తోలేది ట్రాక్టరు. నన్ను చూసి ఒకసారి హారను కొడతాడు. నా భార్య చెయ్యి ఊపుతుంది. నేను ఊపను.

మంచుకొండల్లో చూసినవి చాలావరకు మరుపునపడ్డాయి. ఒకటి మాత్రం కండ్ల ముందు నుంచి పోదు. అది కొండల్లోది కాదు. ఆ శనివారం ఉదయం నంద్యాలలో జరిగింది.

శిక్షణలో ఆఖరి పని స్ట్రెచరు మోయడం. కింది నుంచి మూడో అంతస్తుకు. "పేషెంటుగా ఎవరు పండుకుంటారు?" అన్నాడు శిక్షకుడు. నేను రెండడుగులు ముందుకేశాను. నా బరువు ఎనభై రెండు కిలోలు. తలవైపు ట్రాక్టరు, కాళ్లవైపు మిడుతూరు నుంచి వచ్చిన ఆటో డ్రైవరు. పేషెంటుకు స్పృహ లేదు, కదలకూడదు, మాట్లాడకూడదు. అది రూలు. రూలు పాటించడంలో నాకు పదిహేడేండ్ల అనుభవం.

మొదటి అంతస్తులో ట్రాక్టరు మామూలుగానే ఉన్నాడు. రెండోదానికి ఊపిరి వినబడింది. మూడో అంతస్తులో స్ట్రెచరు దించారు. శిక్షకుడు కిందనే ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అయిపోయెలే, దిగప్పా మిలట్రీ."

నేను కదల్లేదు.

"దిగు సామీ. చేతులు పడిపోతాండాయి."

కండ్లు మూసుకున్నాను.

"పాణముందా లేదా?" ఆటో డ్రైవరు అడిగాడు.

"ఉండాది. నగుతాండాడు" అన్నాడు ట్రాక్టరు. తర్వాత పంచె ఎగగట్టిన చప్పుడు. "పట్టుకోప్పా. కిందికి మోద్దాం."

స్ట్రెచరు లేచింది. ఒక కన్ను కొంచెం తెరిచాను. నా మొహం మీద తలకిందులుగా ట్రాక్టరు మొహం. గడ్డం పైన, నుదురు కింద. మొదటిసారి ఎర్రబడింది. మెడ నరాలు తాళ్ల మాదిరి లేచాయి. ముక్కు చివర నుంచి చెమట చుక్క జారి నా నుదుటి మీద పడింది. తుడుచుకోలేదు.

"శానా బరువుండావప్పా" అన్నాడు.

పేషెంటు మాట్లాడకూడదు. మూడంతస్తులు. ఒక్క మెట్టు గూడా నా కాళ్లతో దిగలేదు.