ఖుర్సీపార్ నుంచి వెళ్లిన తంతి

తాతబ్బాయి ఉత్తరాలన్నీ నా నెత్తిన పడేవి. భిలాయి ఉక్కు ప్లాంటులో టైమాఫీసు గుమాస్తాని కదా, చదువొచ్చినవాణ్ణని ఖుర్సీపార్‌లో మా వీధి వాళ్లందరికీ నేనంటే అలుసు. వాడిది మా పక్కిల్లే. భీమిలి అవతల పల్లెలో వేట చేసుకునేవాడు, పడవనీ వలల్నీ తమ్ముడు త్రినాథరావుకి అప్పజెప్పి వచ్చి ఫర్నేసు దగ్గర చేరాడు.

వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉంది. ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎక్కించుకుని సముద్రం మీద దూరం పోవాలంటే, ఇంటి పెద్ద "ఎల్లండి" అనాలి. తండ్రి పోయాక పెద్ద తాతబ్బాయే. ఆ పెద్ద భిలాయిలో ఉంటేనేం, కట్టుబాటు కట్టుబాటే! గాలి ఏ వైపో, కెరటం ఎలా లేస్తోందో, నీళ్ల రంగేమిటో కార్డు మీద రాయించి "ఎల్లమంటావా అన్నియ్యా" అని తమ్ముడు అడిగేవాడు. వీడు రైలుగట్టెక్కి తూర్పుకేసి చూసి, గాలి పీల్చి, "ఎల్లమను" అనేవాడు. నేను రాసేవాణ్ణి. ఆ జవాబు చేరేదాకా పడవ ఒడ్డునే ఉండేదట. నాకు నవ్వొచ్చేది.

అరవయ్యారులో, దీపావళి వెళ్లాక, తంతి వచ్చింది. చదివి చెప్పాను: "అమ్మకి కడుపునొప్పి, ప్రమాదం. వాగు పొంగి రోడ్డు తెగింది. పడవలో విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తాను. తూర్పుగాలి. వెళ్లనా."

"కెరటం ఎలాగుందో రాయలేదేటి? నీళ్ల రంగేటి?"

"తంతిలో కథలు రాస్తారటయ్యా!" అని కసిరాను. వాడి మొహం చూశాక, రేడియోలో వాతావరణం చెప్తారేమో విందాం పద అన్నాను.

ఇద్దరం సుపేలా బజారుకి వెళ్లి టీకొట్టు రేడియో దగ్గర నిలబడ్డాం. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్నారు, ఏ ఒడ్డుకి వస్తుందో చెప్పలేదు. "అరే భయ్యా, యహా సమందర్ కహా?" ఇక్కడ సముద్రమెక్కడిదని కొట్టువాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

పోస్టాఫీసులో ఫారం తీసుకున్నాను.

"రాసెయ్ బాబూ, ఎల్లమను."

రాశాను.

"వద్దు వద్దు, ఆగమను."

కొట్టేశాను.

"ఆగితే అమ్మ దక్కదేమో బాబూ!"

మూడో ఫారం. కౌంటరు మూసే వేళయింది. "ఏదో ఒకటి తేల్చవయ్యా, నీకు పుణ్యముంటుంది!" అని అరిచాను.

వాడు బల్ల పట్టుకుని మెల్లగా అన్నాడు. "నాకేటీ తెలీదు బాబూ. ఏడేళ్లయి ఈ ముక్కుకి పొగ తప్ప ఏ వాసనా తగల్లేదు. ఇన్నాళ్లూ ఉత్తినే ఎల్లమన్నాను. ఆళ్లు చేరినట్టు కార్డొచ్చీదాకా నాకు నిద్దరుండీది కాదు."

ఉత్తినే! ఆ కార్డులన్నీ నేను రాసినవే.

"మరెందుకన్నావురా?"

"పెద్దోణ్ణి కదా. అడిగితే తెలీదని ఎలాగ సెప్తాను?"

అప్పుడు వాడు చెప్పింది రాశాను. "ఇకమీదట నువ్వే పెద్ద. సముద్రం నీ ఎదుట ఉంది. నీ మాటే నా మాట."

ఆ తర్వాత మూడు రోజులు మా రెండిళ్లలోనూ ఎవరికీ ముద్ద దిగలేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే నేనే ముందు బయటికి పరుగెత్తేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున భిలాయిలో ముసురు పట్టింది. తాతబ్బాయి గుమ్మంలో కూలబడి, "ఇది మా ఒడ్డు మీంచి వొచ్చిన వానే బాబూ" అన్నాడు.

సాయంత్రం తంతి వచ్చింది. "పడవలో వెళ్లలేదు. తుఫాను. అమ్మని మంచం మీద మోసి వాగు దాటించాం. ఆసుపత్రిలో ఉంది. గండం గడిచింది."

వాడు నన్ను కావిలించుకుని భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

సంక్రాంతి దాటాక కార్డు వచ్చింది. అమ్మని పడవలో క్షేమంగా ఇంటికి తెచ్చేశామని త్రినాథరావు రాయించాడు.

"ఎల్లమంటావా అని అడగలేదేటి?"

"వెళ్లొచ్చాకే రాశాడు."

"గాలి ఏ వైపని రాసేడు?"

"అదీ రాయలేదు."

"మంచిదే" అని కార్డు అందుకున్నాడు. చదువు రాదు కదా, వెనక్కి తిప్పి ఇంకేమైనా ఉందేమోనని చాలాసేపు చూశాడు.